హాజరు చాలని వ్యాపారి

కంపెనీ పెట్టుకునే విద్యార్థి చదువుకు ఏడాది విరామం తీసుకోవచ్చని కేంద్రం 2019లోనే విధానం తెచ్చింది. వినడానికి బాగుంది. మాకు తెలిసిన ఓ కాలేజీలో, రాత్రి పదింటికి హాస్టల్ గదుల్లో ఎగ్ పఫ్‌లు అమ్మి, అప్పులు నోటుబుక్కులో రాసుకుంటూ నాలుగు డబ్బులు వెనకేసుకుంటున్న కుర్రాడున్నాడు. వార్డెను అతణ్ని పట్టుకుని జరిమానా వేశారు. హాజరు 75 శాతం లేదని పరీక్షకూ కూర్చోనివ్వలేదు. ఏ సబ్జెక్టుకంటారా? ఎంట్రప్రెన్యూర్‌షిప్‌కే! ‘రిస్కు అనగానేమి?’ అన్న ఐదు మార్కుల ప్రశ్నకు గైడు బట్టీపట్టినవాడు ఫస్టున పాసయ్యాడు. ఆ పాఠం చెప్పే సారు పాపం, పదేళ్లుగా పర్మినెంటు ఆర్డరు కోసం చూస్తున్నారు. ఇన్నోవేషన్ సెల్ తాళంచెవి ప్రిన్సిపాల్ గారి బీరువాలో భద్రం. అన్నట్టు, ఆ నోటుబుక్కులో వార్డెను గారి బాకీ ఇంకా తీరలేదు.