స్టేషన్ కావాలి, పక్క కాలనీలో!

హైదరాబాద్‌లో చెత్త ట్రాన్స్‌ఫర్ స్టేషన్ కావాలా అంటే కాలనీ అంతా చేతులెత్తుతుంది. ఎక్కడ అంటే మాత్రం, ఎత్తిన చేతులన్నీ పక్క కాలనీని చూపిస్తాయి. ఇక్కడ బడి ఉందని ఒకరు, గుడి ఉందని ఇంకొకరు, ఫ్లాట్ రేటు పడిపోతుందని (ఇది కాస్త గొంతు తగ్గించి) అందరూ. స్వచ్ఛ ఆటోలు ఇంటింటా తిరిగి తెచ్చిన చెత్తను పెద్ద బండ్లకెక్కించి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పంపేస్తాం, ఇక్కడేం నిల్వ ఉండదని కాలనీ మీటింగ్‌లో అధికారి చెప్పబోతే మైకు లాగేసుకున్నారు. రోజూ వేల టన్నులు దిగే జవహర్‌నగర్‌లో మనుషులకు ముక్కులుండవు కాబోలు! మీటింగ్ ముగిశాక టీ కప్పులు, సమోసా కాగితాలు ప్రహరీ అవతలి ఖాళీ ప్లాటులోకి గిరాటేశారు. ఆ స్థలంపై ఒక్కరికీ అభ్యంతరం లేదు.