తీగవాని పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఈ పద్యానికి కవి ఫలానా అని వెతకనక్కరలేదు. ఫైబర్ కనెక్షన్‌కు పేరు రాయించుకుని, ఆధార్ జిరాక్సు ఇచ్చి, అడ్వాన్సు ఫోన్‌పే చేసి, ఆ స్క్రీన్‌షాట్‌ను భద్రంగా దాచుకున్న ప్రతి గృహస్థూ దీనికి కవే. సదరు గృహస్థు వీధి గుమ్మంలో నిలబడి, వినేవాడు లేక ఊరిని ఉద్దేశించి ఇట్లు పలుకుచున్నాడు.

మూలం

రేపు వత్తుమనుచు రింగున బలికెడు
తీగవాని కొరకు దినము దినము
గడప మీద నిలిచి కన్నులు కాయలై
చూచు పల్లె కెపుడు చుట్టమగునొ

ప్రతిపదార్థం

రేపు = తెల్లవారిన పిమ్మట వచ్చు దినమున (ఏనాటి తెల్లవారిన పిమ్మటనో కవి చెప్పలేదు); వత్తుము = వచ్చెదము; అనుచు = అని చెప్పుచు; రింగునన్ = ఫోను మ్రోతయందు; పలికెడు = మాటలాడునట్టి; తీగవాని కొరకు = ఫైబర్ కేబుల్ లాగువాని నిమిత్తము; దినము దినము = ప్రతి దినమును, ఆదివారములు పండుగలు కలుపుకొని; గడప మీద నిలిచి = ద్వారబంధము కడ నిలువబడి; కన్నులు కాయలై = నేత్రములు కాయలు కాచినవై; చూచు = ఎదురుచూచునట్టి; పల్లెకున్ = గ్రామమునకు; ఎపుడు = ఏ కాలమున; చుట్టము అగునొ = బంధువు కాగలదో.

అన్వయం

ఏది చుట్టమగునో పద్యంలో లేదు. 'నెట్టు' అని అధ్యాహారం చేసుకోవాలి. తొందరపాటు విమర్శకులు దీన్ని కర్తృలోపమనే దోషంగా లెక్కిస్తారు. అది సరికాదు. నెట్టు ఊళ్లోకే రాలేదు, పద్యంలోకి ఎలా వస్తుంది? మెదక్ జిల్లా కొల్చారం పేరును ఇంటిపేరుగా మోసిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని నియమం పెట్టుకున్నాడు. ఈ పద్యం ఆయన చేతిలో పడి ఉంటే నియమభంగం తప్పేది కాదు. ఇందులో అసలు సంగతే మూలంలో లేదు మరి.

తాత్పర్యం

ఫోను చేస్తే రేపంటాడు. రేపు చేసినా రేపంటాడు. ఊరు మాత్రం కళ్లు కాయలు కాచేలా చూస్తోంది. నెట్టు ఎప్పుడొస్తుందో ఏమో అని భావం.

విశేషాలు

రేపు వత్తుము: 'వచ్చెదము' అనక కవి 'వత్తుము' అనడంలో గొప్ప వ్యాకరణ రహస్యం ఉంది. వత్తుము తద్ధర్మార్థక క్రియ. అది ఒక కాలానికి కట్టుబడదు, కర్త స్వభావాన్ని మాత్రమే చెబుతుంది. నిప్పు కాల్చును, నీరు పల్లమునకు పారును, తీగవాడు రేపు వచ్చును. కాబట్టి ఇది మాట ఇవ్వడం కాదు, ఒక ప్రకృతి ధర్మాన్ని తెలియజేయడం. మాట తప్పాడని వాడిమీద ఆగ్రహించేవాళ్లు బాలవ్యాకరణం సరిగా చదవనివాళ్లు.

ఇక్కడ ప్రాంతాన్ని బట్టి పాఠభేదాలున్నాయి. గోదావరి ప్రతుల్లో 'రేపొచ్చేత్తామండి' అనీ, తెలంగాణ ప్రతుల్లో 'రేపస్తం సార్' అనీ కనిపిస్తుంది. రాయలసీమ ప్రతిలో 'రేపొచ్చాం లే సార్' అని ఉంది. సీమలో వచ్చాం అంటే వస్తాం అని అర్థం. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఉద్యోగి ఫోనులో 'వచ్చాం' అన్న ముక్క ఒక్కటీ విని, వాళ్లు వచ్చేశారనుకుని చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. పాఠభేదం తెలియకపోతే ఇన్ని అనర్థాలు.

రింగున బలికెడు: 'రింగు' అన్యదేశ్యం, పద్యంలో ఉండరాదని ఒక ఆక్షేపణ. ఊళ్లో రోజూ మోగేది అదే కనుక చెల్లుతుంది. 'పలికేది రింగు మాత్రమే, మనిషి పలకడు' అని కొందరు వ్యాఖ్యానించారు. అనుభవంతో సరిపోతుంది కనుక అదే గ్రాహ్యం.

తీగ: ఇది రాగి తీగ కాదు, గాజు పోగు. వెలుగు నడిచే దాని నడిమి భాగం వెడల్పు సుమారు 9 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. చుట్టూ ఉన్న గాజు తొడుగుతో కలిపితే 125 మైక్రాన్లు. మలినాలు తీసేస్తే గాజులో వెలుగు కిలోమీటర్ల దూరం పోగలదని చార్లెస్ కావ్ 1966లో చెప్పాడు. అందుకు నోబెల్ బహుమతి 2009లో వచ్చింది. ఈ తీగను నమ్ముకున్నవాళ్లకు నిరీక్షణ మొదటి నుంచీ రాసిపెట్టే ఉందన్నమాట. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వంద కిలోమీటర్ల దూరం దానికి సెకనులో రెండువేలో వంతు పని. మండల కేంద్రం నుంచి మన ఊరికి పన్నెండు కిలోమీటర్లు. దానికి పట్టే కాలం 'రేపు'.

తీగవాడు: ఏకవచనమే అయినా ఇక్కడ బహువచనార్థం చెప్పుకోవాలి. డబ్బు కట్టించుకునేవాడు ఒకడు, స్తంభమెక్కేవాడు ఒకడు, పోగులు అతికేవాడు ఒకడు, పెట్టె పెట్టేవాడు ఒకడు. వీళ్లలో మూడోవాణ్ని పనిలో ఉండగా చూడగలగడం పూర్వజన్మ సుకృతం. చెట్టు నీడన బండి సీటు మీద చిన్న యంత్రం పెట్టుకుంటాడు. నల్ల తొడుగు ఒలుస్తాడు. లోపల నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగుల పోగులు బయటపడతాయి. కావలసిన పోగు ఏరి, రంగు పూత గీకేసి, స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడుస్తాడు. కొనను అడ్డంగా నున్నగా తెగ్గొడతాడు. తెగిన ముక్క కంటికి ఆనదు, గుచ్చుకుంటే మాత్రం తెలుస్తుంది. అందుకే దాన్ని వేరే డబ్బాలో వేస్తాడు. రెండు కొనలనూ యంత్రంలో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తే, లోపల చిటికంత మెరుపు మెరిసి రెండూ ఒకటవుతాయి. అంతవరకూ ఊపిరి బిగబట్టి చూసిన పిల్లలు 'అయిపోయిందా!' అంటారు. పని నిమిషాలది. వాడు రావడమే యుగాలది.

గడప మీద నిలిచి: ఇచ్చట శంక. గడప మీద నిలబడరాదని పెద్దలంటారు కదా, గృహస్థు ఆచారం తప్పవచ్చునా? సమాధానం. ఆ ఇంట్లో మొబైల్ సిగ్నల్ అందేది గడప మీదే. లోపలికి ఒక అడుగు వేస్తే ఫోను పోతుంది, బయటికి ఒక అడుగు వేస్తే ఎండ. కనుక దోషం లేదు.

పల్లెకు: ఈ పదం దగ్గరే పద్యానికి గుండెకాయ ఉంది. 'ఇంటికి' అనక 'పల్లెకు' అనడం ఎందుకు? సర్కారు లెక్క పల్లె లెక్కే కనుక. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేయాలని తీర్మానించింది. ఆ పథకమే 2015లో భారత్‌నెట్‌గా పేరు మార్చుకుంది. 2017 డిసెంబరు నాటికి లక్ష పంచాయతీలతో తొలి దశ పూర్తయిందని ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో రోడ్లు తవ్వే పని లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగారు. కోనసీమలోని మోరి గ్రామం 2016లోనే ఫైబర్ ఊరుగా పేరు తెచ్చుకుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు. ఒక్క తవ్వకానికి రెండు ఫలాలు. 2023 ఆగస్టులో కేంద్రం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

ఇన్ని చేసినా గృహస్థు గడప మీదే ఎందుకున్నాడు? పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగను లెక్కలో 'ఊరికి వచ్చింది' అని రాస్తారు. ఆఫీసు గోడ నుంచి ఇంటి గోడ దాకా ఉన్న నాలుగు వీధుల దూరం ఆ లెక్కలోకి రాదు. కష్టమంతా ఆ నాలుగు వీధుల్లోనే ఉంది. పైనుంచి వచ్చిన ఒక్క పోగులోని వెలుగును స్ప్లిటర్ అనే చిన్న డబ్బా 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. ఆ డబ్బా నిండిందంటే మరుసటి ఇంటివాడికి వినిపించే మాట 'పోర్టు ఖాళీ లేదు సార్'. ఇంకో డబ్బా పెట్టాలంటే ఆ చివర కొనేవాళ్లు సరిపడా ఉండాలి. ఊరి చివర, పొలాల్లో ఉండే మూడిళ్ల కోసం అరకిలోమీటరు కేబుల్ లాగితే ఆపరేటర్‌కు గిట్టదు. లాగిన కేబుల్‌కైనా శత్రువులు తక్కువా? కాలువ పూడిక తీసే జేసీబీ, గడ్డి ఎత్తుగా కట్టిన ట్రాక్టరు, ఈదురుగాలికి విరిగిన వేపకొమ్మ, తొడుగు కొరికే కోతి. తప్పు ఎవరిదైనా ఫోనులో చెప్పే కారణం ఒక్కటే, 'పైనుంచే కట్టయ్యింది'.

శాస్త్ర ప్రమాణం లేదా అంటే, ఉంది. 2006లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన నాణ్యతా నిబంధనల్లో, డబ్బు కట్టించుకున్నాక 15 పనిదినాల్లో బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వాలనీ, ఇవ్వకపోతే రోజుకు 10 రూపాయల చొప్పున వినియోగదారుడి ఖాతాలో జమ చెయ్యాలనీ ఉండేది. అయితే సూత్రంలోనే 'సాంకేతికంగా వీలుంటే' అనే విశేషణం పెట్టారు. ఆ నిబంధనల స్థానంలో 2024లో కొత్తవి వచ్చాయి. విశేషణం మాత్రం ఊళ్ల వాడుకలో 'ఫీజిబిలిటీ లేదు సార్' అనే రూపంలో స్థిరపడింది. 

చుట్టమగునొ: ఇక్కడ శ్లేష. చుట్టము అనగానే చుట్ట స్ఫురిస్తుంది. వీధి చివర కరెంటు స్తంభానికి నల్లటి కేబుల్ చుట్ట వేలాడుతూనే ఉంది. ఆ చుట్ట చుట్టమయ్యేదెన్నడో అని కవి హృదయం.

రసం: విప్రలంభ శృంగారం. ఇదేమి విడ్డూరమని రసజ్ఞులు ముక్కున వేలేసుకోనక్కరలేదు. లాక్షణికులు చెప్పిన అష్టవిధ నాయికలూ ఒక్క ఊళ్లోనే దొరుకుతారు.

నాయకుడు వస్తాడన్న కబురు విని పడకగది సింగారించుకునేది వాసకసజ్జిక. రిటైరైన మాస్టారు టీవీ పక్కన కొత్త ప్లగ్ పాయింటు వేయించి, కేబుల్ దూరడానికి గోడకు కన్నం పెట్టించి, అందులోంచి చీమలు రాకుండా కాగితం ఉండ కుక్కి సిద్ధంగా ఉన్నారు. 

వేళ దాటినా రాకపోతే కలవరపడేది విరహోత్కంఠిత. మాస్టారి భార్య 'బండి పంచరైందేమో, పాపం అన్నం తిన్నాడో లేదో' అని వాడి తరఫున తనే కారణాలు వెతుకుతుంది. 

సంకేత స్థలానికి వచ్చి మోసపోయినది విప్రలబ్ధ. సెలవు పెట్టి రోజంతా ఇంట్లో కూర్చున్న బ్యాంకు గుమాస్తాకు సాయంత్రం మెసేజ్ వచ్చింది: 'మా ప్రతినిధి వచ్చినప్పుడు మీ ఇంటికి తాళం వేసి ఉంది.' 

నాయకుడి ఒంటిమీద పరకాంత గుర్తులు చూసి మండిపడేది ఖండిత. ఎదురింట్లోంచి బయటికొచ్చిన తీగవాడి చొక్కా మీద గోడ డ్రిల్ చేసిన సున్నప్పొడి చూశాక ఈ ఇంటావిడ నోటికి అడ్డు లేకపోయింది. 

తిట్టి పంపి, ఆనక కుమిలేది కలహాంతరిత. ఫోనులో నాలుగు దులిపిన అబ్బాయి, తీగవాడు తన నంబరు బ్లాక్ చేశాడేమోనని బావమరిది ఫోను నుంచి చేసి, 'తమ్ముడూ, ఏమీ అనుకోకు' అంటున్నాడు. 

నాయకుడు దూరదేశం పోయినది ప్రోషితభర్తృక. మా పక్క వీధివాళ్లకు పోగులు అతికే యంత్రం రిపేరుకని హైదరాబాదు వెళ్లింది, తిరుగు టపా లేదు. 

చీకట్లో తానే వెతుక్కుంటూ వెళ్లేది అభిసారిక. పరీక్ష ఫారం నింపడానికి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు దగ్గరికి నడిచే డిగ్రీ పిల్ల. 2020 లాక్‌డౌన్‌లో ఇలాంటి అభిసారికలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 

ఇక భర్తను చెప్పుచేతల్లో ఉంచుకున్న స్వాధీనపతిక ఊరంతటికీ ఒక్కరే, ఆపరేటర్‌గారి అత్తగారు.

ఛందస్సు: ఆటవెలది. పద్యంలో గణాలు ఆడుతున్నాయి, పెట్టెలో దీపం ఆడటం లేదు.

ఫలశ్రుతి

ఈ పద్యం నిత్యం పఠించినవారికి కనెక్షన్ వస్తుందని చెబితే అబద్ధమవుతుంది. వచ్చాక పెట్టె మీద 'లాస్' అన్నచోట ఎర్రదీపం మిణుకుమంటే వెలుగు అందలేదని అర్థం, 'పాన్' దగ్గర పచ్చదీపం నిలకడగా ఉంటే అందిందని అర్థం. ఆ మాత్రం జ్ఞానం సిద్ధిస్తుంది. తీగవాళ్లకు, వాళ్లపై ఉన్నవాళ్లకు వ్యాఖ్యాత విన్నపం ఒకటే. ఊరివాళ్లకు ఆగడం కొత్త కాదు. ఎందుకు ఆగాలో, ఎన్నాళ్లు ఆగాలో తెలియకపోవడమే బాధ. పోర్టు లేకపోతే లేదనండి, స్తంభానికి అనుమతి రాకపోతే రాలేదనండి, మీ వీధికి గిట్టదనుకుంటే అదీ ముందే చెప్పి అడ్వాన్సు తిరిగిచ్చేయండి. ఇస్తామంటే మాత్రం తేదీ వేసి మెసేజ్ పెట్టండి. పంచాయతీ సభల్లో కూర్చునే పాఠకులు కూడా 'ఊరికి ఫైబర్ వచ్చిందా' అని అడగడం మానేసి, 'ఎన్ని ఇళ్లకు వచ్చింది' అని అడగండి. లెక్క ఇళ్లతో మొదలైతేనే తీగ పంచాయతీ గోడ దాటుతుంది.