బాటసారి బరువు: టీకా తాత్పర్యసహితము

మూలము:
వీపు సంచి వేసి వీసాలు లేకుండ
పల్లి పొడుల మూట పట్టి నడచి
నూరు నోటు మార్చి నూటరవై పొందు
బాటసారి కేది బరువు మామ

అవతారిక: కవిది ముదిగుబ్బ. డిగ్రీ ముగించి, ఉద్యోగము రాకమునుపు నేపాలు చుట్టి వచ్చి, ఈ ఆటవెలదిని మామకు వాట్సాప్‌లో పంపినాడు. వేమన సమాధి గల కటారుపల్లె కదిరి దగ్గరనే గనుక ఈ సీమలో ఛందస్సు గాలికే అంటునని కొందరందురు. మేము నమ్మము. యతి మాత్రము కుదిరినది.

టీక: వీసాలు లేకుండ = ఇచట శ్లేష. 1950 నాటి సంధి వలన భారతీయులకు నేపాలున వీసా అక్కరలేదు. భూమార్గమున ఓటరు కార్డు చాలును. వీసమనగా పదునారవ వంతు గనుక, చేత వీసమైనను లేక అనియు అర్థము. కవికి రెండును సరిపోయినవి.

పల్లి = యతికై వచ్చిన మాట. ముదిగుబ్బ అంగట్లో 'చెనక్కాయలు' అని అడుగవలెను.

నడచి = ఇచట ఆక్షేపము. ధర్మవరము దాకా బస్సు, అటనుండి రైళ్లు మారుచు గోరఖ్‌పూర్, మరల బస్సు. నడచినది సరిహద్దున సునౌలీ గేటు దగ్గర కొన్ని అడుగులే గదా? సమాధానము: జనరల్ బోగీలో కూర్చుండ చోటు దొరకలేదు. అంతసేపు కాళ్లమీద నున్నవానికి 'నడచి' అనుట న్యాయమే.

నూటరవై = మన నూరు రూపాయలకు నేపాలీ నూటఅరవై. 1993 నుండి ఈ లెక్క కదలలేదు. గేటు దాటగానే కవి ధనికుడైనాడు. టీ ధర వినగానే మునుపటివాడైనాడు.

విశేషము: పద్యమునకు ప్రాణము పొడి మూట. అక్కడి పూటకూళ్లలో దాల్ భాత్ అడిగిన, స్టీలు పళ్లెములో అన్నము, పప్పు, ఆకుకూర, ఆలుగడ్డ వడ్డింతురు. అన్నము, పప్పు మరల అడిగిన మరల వేయుదురు, దుడ్డు ఒకసారే. పొదుపరికి ఇంతకు మించిన ధర్మశాస్త్రము లేదు. అయితే ఆ పప్పు సాధువు, కారమెరుగదు. కవి సంచి అడుగున చేయి పెట్టి, నూనె దిగి పేపరు మీది అక్షరములు కరగిన పొట్లము తీసి, రబ్బరు బ్యాండు విప్పి, ఎండుమిర్చి వెల్లుల్లి ఘాటుతో అమ్మ దంచిన పొడిని రెండు చిటికెలు చల్లును. మూడవసారి అన్నము అడుగుట ఆ పిమ్మటనే. తక్కువ ఖర్చు యాత్రికుడు వింతలను చూడబోవునని లోకము తలచును. మా మతమున వాడు అన్నము రెండవ వడ్డనను చూడబోవును.

ఏది బరువు = ఏదియు బరువు కాదని కవి భావము. ఇది నిలువదు. గది అద్దె మిగుల్చుటకై రాత్రి బస్సెక్కినవాని నడుము ఆ అద్దె మోయును. నేపాలు గడియారము మనకన్న పదునైదు నిమిషములు ముందుండుటచే, ఫోనులో గంట సరిచేయక ఒక బస్సు తప్పినది. ఆ కాచుకొన్నది వేరొక బరువు. ఇక మిగిలినది 'మామ'. పాదపూరణమని ఒకరు, స్నేహితుడని ఒకరు. మామయే వాట్సాప్‌లో ఇచ్చిన జవాబు వలన సందేహము తీరినది:

"బరువేందో నాకెరుకలే అల్లుడా. పండక్కిస్తానంటివే ఐదువేలు, యాడ?"

చూచినట్టు నీలి గుర్తులు పడినవి. కవి మరల పద్యము వ్రాయలేదు.