మా రోజుల్లో మ్యూట్ బటన్ లేదు

పొద్దున పదకొండు కొట్టిందంటే మా ఇంట్లో నేను వంటింటి వైపు వెళ్ళకూడదు. ఆ సమయానికి డైనింగ్ టేబుల్ దగ్గర మా అమ్మాయికి స్టాండప్. నిలబడి చేసే మీటింగు కాబట్టి ఆ పేరట. ఇదేమో కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. పదిహేను నిమిషాల్లో ముగించాలన్నది నియమం. గోడ గడియారం చూసి చెబుతున్నాను, నిన్న నలభై ఎనిమిది నిమిషాలు సాగింది. మొన్నేమో నేను లుంగీలో, కాఫీ గ్లాసుతో దాని వెనక నుంచి నడిచానని బెంగళూరులో ఒకడు, పుణేలో ఒకతె, డాలస్‌లో అర్ధరాత్రి నిద్ర మానుకుని కూర్చున్న గుంటూరు కుర్రాడొకడు నవ్వారట. “నాన్నా, కెమెరా ఆన్‌లో ఉంది!” అని కసిరింది. ఇల్లు నాది, లుంగీ నాది, కాఫీ నేను పెట్టుకున్నది. అయినా నక్కి నక్కి నడవాల్సింది నేనే!

ఏమీ తెలియని ముసలాడు సణుగుతున్నాడనుకునేరు. 1984లో సికింద్రాబాద్‌లో ప్రోగ్రామర్‌గా చేరి, 2016లో డెలివరీ మేనేజర్‌గా రిటైరైనవాణ్ణి. ముప్ఫై రెండేళ్ళలో మొదటి పదీ నేను ప్రోగ్రాములు రాశాను, తక్కినవన్నీ ఇతరుల చేత రాయించాను. రాయడం కన్నా రాయించడమే కష్టమని అనుభవం మీద చెబుతున్నాను.

మా రోజుల్లో ఆఫీసంటే ఒక గది. ఆకుపచ్చ అక్షరాల టెర్మినళ్ళు ఆరు, మనుషులం పదకొండు మందిమి. పక్క గదిలో కంప్యూటరు. ఏసీ దానికే గానీ మాకు కాదు. ఆ గదిలోకి వెళ్ళాలంటే గుడి ముందులాగా గుమ్మం బయట చెప్పులు విడవాలి. ప్రోగ్రాము ఇచ్చేసి ఇంటికెళితే, మర్నాడు పొద్దున 132 అక్షరాల వెడల్పు కాగితాల మీద తప్పులన్నీ అచ్చయి వచ్చేవి. ఒక్క ఫుల్‌స్టాప్ మరిచిపోతే ఒక రోజు గోవిందా. అందుకని యంత్రానికి చూపించే ముందు పక్కవాడికి చూపించేవాళ్ళం. పక్కవాడు మనిషి గనుక తిట్టి చెప్పేవాడు. తిట్టినా మధ్యాహ్నం అతని క్యారేజీలో గోంగూర మనదే.

మా సారు ఒకాయన ఉండేవారు. ప్రాజెక్ట్ లీడర్. ఆయనకు గది ఉంది గానీ అందులో కూర్చోగా నేను చూడలేదు. తొమ్మిదిన్నరకు స్టీలు గ్లాసులో టీ పట్టుకుని వచ్చేవారు. ఒక్కొక్కరి బల్ల అంచున సగం కూర్చుని రెండే ప్రశ్నలు అడిగేవారు: “ఎక్కడ ఆగింది? ఎవరితో మాట్లాడితే కదులుతుంది?” ఎంత శాతం అయిందని ఆయన ఎవరినీ అడగలేదు. నేను చేరిన కొత్తలో ఒకసారి, అడక్కుండానే, “తొంభై శాతం అయిపోయింది సార్” అన్నాను. ఆయన టీ ఒక గుక్క తాగి, “ఆ మిగిలిన పది శాతం గురించి చెప్పు, నీ జీతం దానికే” అన్నారు. ప్రోగ్రామరు నోట తొంభై శాతం అనే మాట ఎంత ప్రమాదమో తర్వాత నా కింద పనిచేసినవాళ్ళ దగ్గర చూశాను. రెండు వారాల్లో తొంభైకి చేరేవారు. అక్కణ్ణుంచి రెండు నెలలు తొంభైలోనే ఉండేవారు.

ఇక అమెరికాకు ఐఎస్‌డీ కాల్ అంటే అదొక యజ్ఞం. మీటరు గుర్రంలా పరిగెత్తేది. సారు ముందురోజు సాయంత్రమే ఒక రూళ్ళ పుస్తకంలో రాసుకునేవారు: చెప్పాల్సినవి మూడు, అడగాల్సినవి రెండు, ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటి. ఆ చివరిది ఎప్పుడూ మొదట చెప్పేవారు. “దుర్వార్త చల్లారకముందే వడ్డించాలయ్యా, చల్లారితే విషమవుతుంది” అనేవారు. కాల్ ఏడు నిమిషాల్లో అయిపోయేది. పెట్టేశాక ఎవరు ఏం చెయ్యాలో అదే పేజీలో రాసి, గోడకు సూదితో గుచ్చేవారు. డ్యాష్‌బోర్డ్ అంటే మాకు అదే.

ఇప్పుడు మా అమ్మాయి టీములో మాట్లాడుకోవడానికి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టాను. ఈమెయిల్, టీమ్స్, స్లాక్, జీరాలో కామెంట్లు, వాట్సాప్ గ్రూపు. అక్కడితో అయిపోలేదు, మేనేజరు లేని ఇంకో వాట్సాప్ గ్రూపు. “రెండోది ఎందుకే?” అంటే, “అసలు సంగతులు అందులోనే కదా నాన్నా” అంది. విన్నారుగా! ఐదు అధికారిక మార్గాలు పెట్టి, నిజాన్ని ఆరో దాంట్లో దాచుకున్నారు. పక్క సీటువాణ్ణి “ఆ ఫైలు మార్చావా?” అని అడగడానికి టికెట్ పెడతారట. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

ఆ మాటల తీరు ఇంకో తలనొప్పి. తీరిక లేదనడానికి ‘బ్యాండ్‌విడ్త్ లేదు’. ఒప్పుకున్నాం అనడానికి ‘అలైన్ అయ్యాం’. చెప్పను పో అనడానికి ‘దీన్ని ఆఫ్‌లైన్‌లో తీసుకుందాం’. మొన్న మా ఆవిడ పెరుగు తెమ్మంటే మా అమ్మాయి “ఈ స్ప్రింట్‌లో కుదరదమ్మా” అంది. వాళ్ళమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమై, నేనే వెళ్ళి తెచ్చాను.

మనిషికీ మనిషికీ మధ్య మాట దారుల లెక్క ఈనాటిది కాదు. ఐబీఎంలో ఓఎస్/360 అనే మహా ప్రాజెక్టును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అని పుస్తకం రాశాడు. ఐదుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే 10 దారులు. పది మందైతే 45. ఇరవై మందైతే 190. మనుషులు రెట్టింపైతే దారులు నాలుగింతలు దాటుతాయి. అందుకే ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకా జనాన్ని దింపితే అది మరింత ఆలస్యమవుతుందని తేల్చాడు. వచ్చినవాడికి పని నేర్పాల్సింది పని చేస్తున్నవాడేగా! ఆయన అంత పుస్తకం రాసి చెప్పిన సంగతి మన అవ్వలు నాలుగు ముక్కల్లో చెప్పారు: మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఇప్పటికీ ప్రాజెక్టు ఆలస్యమైందనగానే పై వాళ్ళు పనిలేక బెంచ్ మీదున్న పన్నెండు మందిని పంపుతున్నారు. కుండలో మజ్జిగ అంతే, నీళ్ళు మాత్రం బిందెలతో.

స్టాండప్ పెట్టినవాళ్ళను తిట్టను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా కొండల్లో, స్నోబర్డ్ అనే చోట పదిహేడు మంది కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో రాశారు. పద్ధతుల కన్నా, పనిముట్ల కన్నా మనుషులూ వాళ్ళ మాటా ముఖ్యమన్నారు. సమాచారం చేరడానికి ఎదురెదురుగా మాట్లాడుకోవడాన్ని మించినది లేదన్నారు. అంటే మా సారు బల్ల అంచున కూర్చుని చేసినదే! ఇప్పటివాళ్ళు ఆ మాటకు పనిముట్లు తొడిగారు, పనిముట్లకు రిపోర్టులు తొడిగారు, చివరికి మాట పోయి తొడుగు మిగిలింది. ఇప్పుడు స్టాండప్‌లో ఒక్కొక్కరూ నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో సంధ్యావందనంలా అప్పజెబుతున్నారు. “అడ్డంకులు ఏమైనా?” అంటే అందరూ “ఏమీ లేవు.” మీటింగ్ అయ్యాక మేనేజరు లేని గ్రూపు టింగుటింగుమంటుంది.

ఇక స్టేటస్ రంగులు. టెస్టింగ్ చేసే పిల్ల దగ్గర ప్రాజెక్టు ఎరుపు. టీమ్ లీడ్ దగ్గరికి వచ్చేసరికి పసుపు. మేనేజరు స్లైడులో పచ్చ. పై అంతస్తుకు వెళ్ళేసరికి కళకళలాడే ముదురాకుపచ్చ. వీళ్ళే దాన్ని పుచ్చకాయ ప్రాజెక్టు అంటారు, పైకి పచ్చగా, కోస్తే ఎర్రగా. రిలీజ్ రోజు కత్తి పడుతుంది. అప్పుడందరూ “ముందే ఎందుకు చెప్పలేదు?” అని ఒకరినొకరు అడుగుతారు.

ఇదంతా ఒకరోజు భోజనాల దగ్గర ఏకరువు పెట్టి, ముగింపుగా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ చెప్పాను. తొమ్మిది నెలలు ప్రయాణం చేసి, 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర చేజారిపోయిన నాసా నౌక. నేల మీద ఒక బృందం సాఫ్ట్‌వేరు లెక్కను పౌండ్లలో ఇచ్చింది, రెండో బృందం దాన్ని న్యూటన్లు అనుకుంది. తేడా నాలుగున్నర రెట్లకు దగ్గర. దారి ఎక్కడో తప్పుతోందని నడిపేవాళ్ళకు ముందే అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఎవరు పట్టించుకోవాలో వాళ్ళ దాకా గట్టిగా చేరలేదు. “చూశావా, మాట చేరకపోతే అంత ఖరీదైన యంత్రమూ బూడిదే” అన్నాను.

మా అమ్మాయి పెరుగన్నం కలుపుకుంటూ, “1999 అంటే మీ రోజులే కద నాన్నా” అంది.

ముద్ద గొంతులో అడ్డుపడింది. ఆ సంవత్సరం దానికి తొమ్మిదేళ్ళు. రాత్రిళ్ళు ఇంట్లో ఫోన్ పట్టుకుని నేను టీము మీద అరుస్తుంటే పక్క గదిలో తలగడ చెవులకు అడ్డం పెట్టుకుని పడుకునేదట. అదీ ఇప్పుడే చెప్పింది.

1998 నవంబరులో వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన కాలం అది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఏ గోడ చూసినా కోబాల్ కోర్సుల పోస్టర్లే. 2000 తేదీల భయం, అదే వైటూకే పుణ్యమా అని పదకొండు మందిమి కాస్తా నలభై మందిమయ్యాం. మా సారు అప్పటికే రిటైరయ్యారు. ఆ కుర్చీ నాది. నాకూ గది ఉంది, నేను అందులోనే కూర్చున్నాను.

ఒకరోజు అనంతపురం నుంచి వచ్చిన కొత్తమ్మాయి ఒకతె ప్రింటవుట్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. “సార్, ఈ తేదీ రొటీన్ 100తో భాగిస్తే లీపు సంవత్సరం కాదంటోంది. 400తో భాగిస్తే లీపే కద సార్, ఆ లైను లేదు. 2000కి ఫిబ్రవరి 29 రాదు” అంది. గొంతు చిన్నది, లెక్క పెద్దది. నేను తలెత్తలేదు. “ముందు జనవరి ఒకటి దాటనీ అమ్మా! చెప్పిన పని చెయ్యి” అన్నాను, హాలు మొత్తానికి వినబడేలా. ఆ పిల్ల ప్రింటవుట్ మడిచి పట్టుకుని వెళ్ళిపోయింది.

జనవరి ఒకటి చల్లగా దాటింది. పుల్లారెడ్డి మిఠాయిలు పంచాను. ఫిబ్రవరి 29 మంగళవారం, మనకు సాయంత్రం ఆరున్నర, న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిది. క్లయింటు కౌంటర్లు తెరిచారు. ఆ రోజు తేదీ కొట్టినప్పుడల్లా తప్పు తేదీ అని యంత్రం తిప్పికొట్టింది. మర్నాడు తెల్లారేదాకా సరిచేశాం. సరిచెయ్యాల్సినది ఒక్క లైను. అదే రొటీన్‌ను ఎన్ని ప్రోగ్రాములు పిలుస్తున్నాయో వెతకడానికే రాత్రంతా పట్టింది. అందరూ టీ తాగుతుండగా ఆ పిల్లను పిలిచి, “అంత తెలిసినదానివి, మళ్ళీ ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగాను.

“చెప్పాను కద సార్” అంది. అంతే అంది.

ఆ మర్నాటి నుంచి బల్లల మధ్య తిరగడం మొదలుపెట్టాను. కానీ నేను వస్తుంటే కుర్చీలు సర్దుకున్న చప్పుడు వినబడేది. మా సారు వస్తే ఎవరూ సర్దుకునేవారు కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఒకసారి పాడు చేసుకున్న ఊరు బాగుపడటానికి చాలా ఏళ్ళే పట్టింది.

ఇవాళ పదకొండింటికి మళ్ళీ స్టాండప్. నేను లుంగీ సర్దుకుని, గోడ వారగా వంటింట్లోకి చేరి, కుళాయి తిప్పకుండా నిలబడ్డాను. అందరూ “ఏమీ లేవు” పాడేశారు. మా అమ్మాయి ఎవరి పేరో పిలిచి, “నిన్న నువ్వు ఏదో చెప్పబోయి ఆగిపోయావు. పూర్తిచెయ్యి” అంది. అవతల నిశ్శబ్దం. అర నిమిషం దాటింది. నేనైతే ఈపాటికి నాలుగు అరుపులు అరిచి ఉందును. అది కదల్లేదు. ఆఖరికి ఒక బెరుకు గొంతు, “అక్కా, స్టేటస్ పచ్చ అని పెట్టాం గానీ...” అని మొదలుపెట్టింది.

“చెప్పు, వింటున్నా” అంది మా అమ్మాయి.

నలభై ఎనిమిది నిమిషాలు ఎందుకు పడుతోందో ఇవాళ తెలిసింది. అయినా సరే, స్టాండప్ అన్నాక నిలబడాలి. ఇదేం బాసింపట్టు?