ఎక్కలేని వాళ్లపై ఎంత కరుణ!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డుకి రెండు పక్కలా వెలసిన క్లినిక్కుల, నర్సింగ్ హోముల యజమానులను మనం తగినంతగా పొగడలేదు. ఇంత దయ, ఇంత పొదుపు, ఇంత చట్టభక్తి ఒక్కచోట కలిసి ఉండడం అరుదు.

ముందు ర్యాంపు చూడండి. అడుగు ఎత్తుకి కనీసం పన్నెండు అడుగుల వాలు ఉండాలని కేంద్రం మార్గదర్శకాలు. అంటే రెండున్నర అడుగుల అరుగుకి ముప్పై అడుగులు. గజం ధర వింటేనే బీపీ పెరిగే కొత్తపేటలో అంత చోటు వీల్‌చైర్లకు ధారపోస్తే బైకులెక్కడ పెట్టుకోవాలి? మనవాళ్లు ఐదడుగుల్లో తేల్చేశారు. పైన నున్నటి గ్రానైటు కూడా పరిచారు. ఎక్కించడానికి కొడుకు, వాచ్‌మన్, దారినపోయే ఆటో డ్రైవరు తలో చెయ్యి వేస్తారు. పట్నంలో మనిషికి మనిషి సాయం లేదని ఏడ్చేవాళ్లు వచ్చి చూడాలి. దిగేటప్పుడైతే ఎవరూ అక్కర్లేదు, కుర్చీ తనంతట తనే రోడ్డు మీదికి వచ్చేస్తుంది.

వీల్‌చైర్లు ఇంతదూరం రావడంలో తప్పంతా మెట్రో వాళ్లది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్బీనగర్ దారి తెరిచి, స్టేషన్లలో లిఫ్టులు పెట్టి, లేనిపోని ఆశలు రేపారు. అదృష్టం కొద్దీ కిందికి దిగగానే ఫుట్‌పాత్ నిండా చెప్పులూ చార్జర్లూ దుప్పట్లూ పరిచి ఉంటాయి కనుక ఆ ఆశలు అక్కడే సర్దుకుంటాయి.

లోపల అంతా సమానత్వమే. టోకెన్ నంబరు కేకేసి పిలుస్తారు. చెవులు వినపడనివారు సాయంత్రం దాకా ఫ్యాను కింద హాయిగా కూర్చోవచ్చు. డాక్టరు గారు "ఈవిడకి నొప్పి ఎక్కడ?" అని వెంట వచ్చిన వాళ్లని అడుగుతారు. ఆవిడ ఎదురుగానే ఉంటుంది, మాటకేం లోటు లేదు, లేనిది కాలు. అయినా నోరు విప్పితే అలసిపోతుందని ఆయన జాలి. టాయిలెట్ తలుపు మీద వీల్‌చైర్ బొమ్మ ఉంటుంది, గొళ్లానికి తాళం ఉంటుంది, లోపల సెలైన్ అట్టపెట్టెలు ఉంటాయి. ఆసుపత్రి మొత్తంలో ఎవరూ పాడుచేయని టాయిలెట్ అదొక్కటే.

నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది బరువు చూసే పద్ధతి. మిషను నిలబడగలిగిన వాళ్లకే. కుర్చీతో సహా తూచే మిషన్లు లోకంలో ఉన్నాయి గానీ మా నర్సమ్మ కంటి ముందు అవెంత?

"అరవై ఉంటావా అమ్మా?"

"ఏమో, పెళ్లప్పుడు యాభై."

యాభై ఎనిమిది అని రాసుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, ఆపరేషన్‌కి ముందు మత్తుమందు, ఇవన్నీ బరువును బట్టి లెక్క కట్టేవే. పెళ్లినాటి జ్ఞాపకాన్ని వైద్యంలో ఇంత నమ్మకంగా వాడుకున్నవాళ్లు మరొకరు లేరు.

ఇక చట్టభక్తి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్, ప్రైవేటువి సహా అన్ని ఆసుపత్రుల్లోనూ, ప్రతి భాగంలోనూ అడ్డంకులు ఉండకూడదంటుంది. చూడడంలో, చికిత్సలో వికలాంగులకి ప్రాధాన్యం ఇమ్మంటుంది. పాత భవనాలను సరిచేయడానికి నిబంధనలు వచ్చిన 2017 జూన్ నుంచి ఐదేళ్లు గడువు. ఆ గడువు 2022లో వచ్చింది, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయింది. మన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఇచ్చిన నివేదిక చూసి 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ నిబంధనలు సలహాల్లా ఉన్నాయి, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు చేయండని కేంద్రాన్ని ఆదేశించింది. సలహా అంటే మావాళ్లకి ఎంత గౌరవమో కోర్టువారికి తెలియదు పాపం. వికలాంగుల సంక్షేమ భవన్ ఇక్కడికి దగ్గరే, మలక్‌పేట నల్లగొండ చౌరస్తాలో. ఇరుగుపొరుగు అన్నాక ఒకరి జోలికి ఒకరు పోకుండా ఉండడమే మర్యాద.

ఆ చట్టం కింద మొదటి తప్పుకి జరిమానా 10,000 రూపాయల దాకా వేయొచ్చట. ఒకటో రెండో ఎమ్మారైల డబ్బు. నిజంగా వేస్తే ఏం చేస్తారో గానీ, ఈ రోజు వరకూ దాన్ని పేషెంటు బిల్లులో కలపలేదు. దండం పెట్టడానికి ఇదొక్కటి చాలదూ!