సెంటులో ఏడో వంతు సేద్యం

ఫ్రిస్కో, టెక్సాస్

బాబాయికి,

మిర్చి రేటు అడగను. అడిగితే నీ బీపీ పెరుగుతుందని పిన్ని ముందే హెచ్చరించింది. ఈ ఉత్తరం నా సేద్యం గురించి. నవ్వదలిస్తే ఇప్పుడే నవ్వేసెయ్యి, తర్వాత అన్నీ లెక్కలే.

ఇంటి వెనక కాస్త పచ్చిక తీసేసి రెండు కూరగాయల మడులు వేయాలని తీర్మానించాం. ఒక్కోటి 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. రెండూ కలిపి 64 చదరపు అడుగులు. అంటే సెంటులో ఏడో వంతు. అడంగల్‌లో ఎక్కించమని వీఆర్వో చుట్టూ తిరగాల్సిన పనిలేదు. వెడల్పు నాలుగే ఎందుకంటావా? మడిలో కాలు పెట్టకూడదు, తొక్కితే మట్టి గట్టిపడుతుంది. ఇటు నుంచి రెండడుగులు, అటు నుంచి రెండడుగులు చెయ్యి అందితే చాలు. జీవితమంతా చేలో నడిచినవాడివి, ఈ మాటకు నువ్వేమంటావో నాకు తెలుసు. అది ఉత్తరంలో రాసే మాట కాదు.

అసలు కథ మట్టిది. చిన్నప్పుడు వానాకాలం బడికి పోతుంటే చెప్పుల కింద రేగడి అంటుకుని అడుగడుక్కీ ఇంత పొడుగయ్యేవాణ్ణి. ఆ బురద వదిలించుకోవాలనే ఇంజనీరింగ్ చదివాను. సముద్రాలు దాటొచ్చి, రిటైరయ్యేదాకా తీరని అప్పుతో ఇల్లు కొని, పెరట్లో పార వేద్దును కదా, మళ్లీ నల్లరేగడే! ఇక్కడివాళ్లు ఈ నేలను బ్లాక్‌లాండ్ ప్రైరీ అంటారు. మన పల్నాడు రేగడికీ దీనికీ గోత్రం ఒకటే, వెర్టిసోల్. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఈ నేలలో ఒకప్పుడు ఎటు చూసినా పత్తే. ఇప్పటికీ అమెరికాలో పత్తి పంటకు టెక్సాసే మొదటిది.

తేడా ఒక్కటే. అక్కడ నెర్రెల్లో పడి దూడ కాలు విరుగుతుంది, ఇక్కడ ఇంటి పునాది కదులుతుంది. అందుకని వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి పునాదికి నీళ్లు పెడతారు. ఒట్టు బాబాయ్, ఇక్కడ ఇంటికి తడి కట్టాలి! పచ్చికకు స్ప్రింక్లర్లు వారానికి రెండు రోజులే పెట్టుకోమని మా వైపు చాలా పట్టణాల్లో ఆంక్ష ఉంటుంది. నువ్వు మోటారు కరెంటు కోసం అర్ధరాత్రి దాకా కాపు కాసేవాడివి. నేను గోడకు నీళ్లు తాగించడానికి కాపు కాస్తున్నాను.

ఈ మట్టిలో నీళ్లు తొందరగా ఇంకవు. కాబట్టి సెడార్ చెక్కలతో అడుగెత్తు చట్రం కట్టి, అందులో వేరే మట్టి నింపాలి. మొత్తం 64 ఘనపుటడుగులు. ఘనపుటడుగు సంచులు కొంటే 64 సంచులు. మన వంశంలో డబ్బిచ్చి మట్టి కొన్నవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మాగిన పేడ ఎరువు కూడా సంచుల్లోనే అమ్ముతారు, పైన బార్‌కోడ్ వేసి మరీ. ఈ సంగతి మీ గేదెల చెవిన వేయకు.

ఇక ఎండ. మీది 16 డిగ్రీల అక్షాంశం, మాది 33. డిసెంబరులో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు బాగా దక్షిణానికి వాలి ఉంటాడు. దక్షిణం వైపున్న ఆరడుగుల కంచె తొమ్మిదడుగుల నీడ పరుస్తుంది. అందుకని మడులు కంచెకు ఎడంగా ఉండాలి. బీర, చిక్కుడు లాంటి ఎత్తు తీగల పందిరి ఉత్తరపు అంచున ఉండాలి. లేకపోతే మిగతావన్నీ నీడన పడతాయి. ఈ ప్లాను వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. ఉత్తరం కుబేరస్థానం, అక్కడ బరువు పెట్టకూడదు, ఎత్తులన్నీ నైరుతిలోనే అంది. నైరుతిలో పందిరి వేస్తే మధ్యాహ్నం తర్వాత టమాటాకు ఎండ తగలదమ్మా అన్నాను. "టమాటాలు కొనుక్కోవచ్చు, కుబేరుణ్ణి కొనుక్కుంటావా?" అంది. చివరికి వాయవ్యంలో రాజీ కుదిరింది. సూర్యుడికి పెద్దగా అభ్యంతరం లేదు. వాయవ్యం మంచిదో చెడ్డదో అమ్మ ఇంకా పంతులుగారిని అడుగుతోంది.

పందిరి గుంజలకు గుంటలు తీయాలి. మన దగ్గరైతే కొబ్బరికాయ కొట్టి గడ్డపార వేస్తాం. ఇక్కడ ముందు 811కి ఫోన్ చేయాలి. మనుషులొచ్చి నేల మీద రంగులు చల్లి, బుల్లి జెండాలు పాతి పోతారు. పసుపు గ్యాసు, ఎరుపు కరెంటు, నీలం మంచినీళ్లు, నారింజ కేబుల్. పెరడంతా ఎన్నికల సభ జరిగినట్టుంది. పైగా మా కాలనీకో సంఘం ఉంది. ఆరడుగుల కంచె దాటి పందిరి పైకి కనిపించకూడదని దాని నిబంధన. బీరతీగకు అది చదివి వినిపించేదెవరు?

ఇక మొక్కల లెక్క. 1981లో మెల్ బార్తలోమ్యూ అనే సివిల్ ఇంజనీరు ఓ పుస్తకం రాశాడు. మడిని అడుగు చదరాలుగా గళ్లు గీసి, గడికి ముల్లంగి 16, పాలకూర 9, మిరప ఒకటి చొప్పున పెట్టమన్నాడు. ఇంజనీరు మాట ఇంజనీరుకు ఇట్టే తలకెక్కుతుంది. ఎక్సెల్‌లో 64 గళ్లు గీశాను. అప్పటి నుంచి ఇంట్లో సీట్ల సర్దుబాటు నడుస్తోంది. మీ కోడలు గోంగూరకు 16 గళ్లు, తోటకూర, చుక్కకూరలకు మరో 16 అడిగింది. పాప స్ట్రాబెర్రీకి 8. నేను మిరపకు 12. టమాటా, వంగ, బెండ కలిపి 24. పక్కవీధి తెలుగాయన సొరనారు ఇస్తానన్నారు, వద్దంటే బాగుండదు. సొరకు 64 గళ్లూ రాసిచ్చినా తృప్తి ఉండదు, పక్కింట్లోకి పాకి పోతుంది. చర్చల తర్వాత అందరికీ కోత పడింది, ఒక్క గోంగూరకు తప్ప. ఎందుకో పిన్నితో కాపురం చేస్తున్న నీకు వేరే చెప్పాలా?

ఇక్కడ కార్తెలు లేవు. మార్చి నడిమి దాకా మంచు భయం. అది తీరాక టమాటా నారు నాటాలి. వేసవి ముదిరి రాత్రిపూట కూడా 24 డిగ్రీలు దాటుతుంటే పూత రాలిపోతుంది, కాయ పట్టదు. కాబట్టి టమాటా ఆ లోపే కాసెయ్యాలి. బెండ, గోంగూర నేల వేడెక్కాక ఏప్రిల్లో వేస్తే మండే ఎండను కూడా లెక్కచేయవు. కొత్తిమీర, మెంతి, పాలకూర సెప్టెంబరు దాటాకే. బెండకు నులిపురుగు బెడద, ఏటా చోటు మార్చమని నువ్వే అన్నావు. అలాగే మారుస్తాను, మార్చడానికి ఉన్నదల్లా రెండో మడి ఒక్కటే. కరివేపాకు మాత్రం ప్లానులో లేదు. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీలకు దిగిందట. అందుకని దాన్ని చక్రాల కుండీలో పెంచుతున్నాం. చలికాలమంతా హాల్లో కిటికీ పక్క సోఫా జరిపి మరీ చోటిచ్చాం. వచ్చే చుట్టాలు కింద కూర్చుంటున్నారు.

ప్లాను కాగితం నీ వాట్సాప్‌కు పంపాను. మొక్కల ఎడం సరిపోతుందో లేదో చూసి, తప్పులుంటే తిట్టి అయినా సరే సరిచెయ్యి. మార్చి రాకముందే చెబితే మేలు.

నీ కొడుకు

తా.క.: పిన్నికి గట్టిగా చెప్పు, ఆవకాయ డబ్బాల మధ్య గోంగూర విత్తనాలు దాచి పంపొద్దని. బయటి దేశం విత్తనం ఇక్కడికి రావాలంటే దానికి రోగం లేదని ప్రభుత్వ ధ్రువపత్రం ఉండాలి. అది లేకుండా దొరికితే కస్టమ్స్ వాళ్లు పొట్లం లాగేసుకుంటారు, విప్పిన చేత్తో ఆవకాయ మీద కూడా పడతారు. విత్తనాలు ఇక్కడే కొనుక్కుంటాం. ఆవకాయ మాత్రం పంపమను.