ఎథిక్స్ కమిటీ వారికి ఒక స్తోత్రం

జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ పెద్దలారా, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, దాని కింద 1998లో వచ్చిన నిబంధనలు నోరులేని జీవాలను మీ చేతుల్లో పెట్టాయి. అనుమతి అడిగేది మీ కాలేజీ, ఇచ్చే కమిటీ మీ కాలేజీది, సభ్యుల్లో సగానికి పైగా మీ కాలేజీ వాళ్లే. ఇంటి గుట్టు ఇంట్లోనే భద్రం. కేంద్రం నియమించిన బయటివాళ్లూ మీ పక్కన కూర్చుంటారు. ఒక్క పూట సమావేశంలో ఒక్కో ప్రోటోకాల్‌కు ఎన్ని నిమిషాలు దక్కుతాయో లెక్కగట్టే పాపం నాకొద్దు.

నేల ఉసిరి ఎలుక కాలేయాన్ని కాపాడుతుందా అని ఇంకో ఎం.ఫార్మసీ విద్యార్థి అడిగితే మీరు కాదనలేదు. ఇదివరకు ఎందరో అడిగి, జవాబు రాసి, థీసిస్ బైండింగ్ చేయించుకున్న ప్రశ్నే. అయినా ఇది అనవసరంగా మళ్లీ చేస్తున్న పని కాదని దరఖాస్తు ఫారం-బిలో గైడ్ సంతకం పెట్టారు. పెద్దమనిషి మాటను శంకించడం మీ సంస్కారం కాదు. ప్రత్యామ్నాయం ఉందా అన్నచోట ‘లేదు’ అని రాస్తే మీకు చాలు. ఐదు గ్రూపులు, గ్రూపుకు ఆరు చొప్పున 30 ఎలుకలు. ఆరే ఎందుకని మీరు అడగలేదు. పోయినేడాది థీసిస్‌లోనూ ఆరే కదా!

ఆ 30 విస్టార్ ఎలుకల్లో ఒకదాన్ని చూడండి. ఒళ్లంతా తెలుపు, తలమీద పిక్రిక్ ఆమ్లంతో పెట్టిన పచ్చటి గుర్తు. గొంతులోకి సూది దించి పారాసెటమాల్ పోస్తారు. మర్నాడు ఆదివారానికి బొచ్చు నిక్కబొడుచుకుని, వీపు వంచుకుని, ఊక పరుపులో ఓ మూలకు ముడుచుకుంటుంది. మేత ముట్టదు. బాధ ఏ స్థాయికి చేరితే ప్రయోగం ఆపాలో మీ ఫైల్లో చక్కగా రాసుంది. ఆ ఆదివారం దాన్ని చూడటానికి ఎవరైనా వచ్చారా అన్నది మాత్రం రాసి లేదు. మీరు రాలేదంటే అర్థం చేసుకోగలను. సున్నితమైన మనసులు, చూసి తట్టుకోలేరు.

వీలైతే జంతువును వాడొద్దు, వాడక తప్పకపోతే తక్కువ వాడండి, బాధ తగ్గించండి అని 1959లో రసెల్, బర్చ్ చెప్పిన సూత్రాలు మీకు కంఠతా వచ్చు. 2023లో కేంద్రం కొత్త మందుల నిబంధనలు సవరించి, కణాల మీద, చిప్‌ల మీద, కంప్యూటర్ల మీద చేసే పరీక్షలకూ చోటిచ్చింది. మీది నిదానం, తొందరపడరు.

జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ పెట్టిన షరతు మీరినవారికి 1960 చట్టం 20వ సెక్షన్ రాసిన జరిమానా 200 రూపాయలకు మించదు. అంత చవగ్గా వదిలిందంటే, శిక్ష కన్నా మీ మనస్సాక్షినే ఎక్కువ నమ్మిందన్నమాట. ఆ నమ్మకంతోనే నేనూ అడుగుతున్నాను. ఓ ఆదివారం చెప్పాపెట్టకుండా యానిమల్ హౌస్‌కు వెళ్లండి. ఫైల్లో 30 అని ఉంటే బోనుల్లో ఎన్ని ఉన్నాయో, ఎలా ఉన్నాయో మీ కళ్లతో చూడండి. నేల ఉసిరి మీద మరో దరఖాస్తు వస్తే, ముందు పాత థీసిస్‌లన్నీ చదివి రమ్మని గైడ్‌ను వెనక్కి పంపండి.